దోనె వెనక మొలిచిన డెక్క

ఇప్పుడు గుర్రపు డెక్కను చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఏలూరులో వంతెన దాటుతుంటే కాలవ పొడుగునా పచ్చగా పరుచుకుని ఉంటుంది, బస్సులో పిల్లలు అది వరిచేను అనుకుంటారు. కానీ నా పెళ్ళికి ముందు రోజుల్లో, అంటే దేశానికి స్వతంత్రం వచ్చి పదేళ్ళు కూడా కాని కాలంలో, ఆ మొక్క పేరెత్తితే మా కొల్లేటి లంకలో ముసలివాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. కాలవలో డెక్క పట్టి పడవలు కదలడం లేదని, అది సరస్సులోకి వస్తే మనం చేపలు పట్టే మావులు (వెదురు తడికలతో కట్టే బోనులు) ఊపిరాడక మూసుకుపోతాయని మా పెదనాన్న కళ్ళారా చూసి వచ్చి చెప్పాడు. ఆయన మా లంకకు పెద్ద. ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. కాలవకు వెళ్ళొచ్చిన ప్రతి దోనెనూ మొగలోనే, అంటే కాలవ సరస్సులో కలిసే చోటే ఆపి, ఒడ్డుకు లాగి, పీచుతో తోమి, వేరుముక్క కూడా లేకుండా కడగాలి. ఎవరి దోనె వల్ల డెక్క లోపలికి వస్తే వాళ్ళు మావులు పెట్టుకునే తావు ఆ ఏడాదికి పోయినట్టే. తావు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

ఆ కడిగించే పని మా నాన్నకు అప్పగించారు. వారం తిరక్కుండా నాన్నకు జెల్ల చేప ముల్లు గుచ్చుకుని కాలు గుమ్మడికాయంత అయింది. ఆయన మంచమెక్కితే మొగలో కొబ్బరిపీచు పట్టుకుని నేను నిలబడ్డాను. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, అక్షరం ముక్క రాదు (చాలా ఏళ్ళ తర్వాత మా మనవరాలి పలక మీద నేర్చుకున్నాను, అదీ ఆ పిల్ల చేత మొట్టికాయలు తిని). కాబట్టి కడిగిన దోనెకు ముక్కు మీద సున్నం బొట్టు పెట్టేదాన్ని. బొట్టు లేని దోనె లోపలికి పోకూడదు. అధికారం అంటే ఏమిటో నాకు ఆ సున్నం కుండే నేర్పింది. ఒకసారి ద్వారకా తిరుమలలో మొక్కు తీర్చుకుని గుండ్లతో వస్తున్న కుటుంబాన్ని మిట్టమధ్యాహ్నం గట్టున నిలబెట్టాను.

"కొండకెళ్ళి వస్తున్నాం తల్లీ, స్వామి దయవల్ల అంతా శుభ్రంగానే ఉంది" అంది వాళ్ళ ముసలావిడ.

"శుభ్రమైంది మీరండీ, దోనె కాదు కదండీ. దిగండి" అన్నాను.

కొత్త గుండ్లు ఎండకు మిరపపళ్ళలా ఎర్రబడే దాకా దోనె తోమాను. వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కొన్నింటికి నాకు ఇప్పటికీ అర్థం తెలియదు.

నా చేతిలో అందరికంటే ఎక్కువ చాకిరీ చేసింది మా మేనత్త కొడుకు, అంటే మా బావ. తాడేపల్లిగూడెం రైసు మిల్లులో రెండేళ్ళు పనిచేసి, ఒక ఖాకీ చొక్కా, బోలెడన్ని గొప్పలు తెచ్చుకున్నాడు. ఎండుచేపలు వేసుకుని వారానికి రెండుసార్లు ఏలూరు పోయేవాడు. మిల్లులో ఇంజను ఎలా తిరుగుతుందో చెప్పడం మొదలెడితే నేను, "బాగా చెప్పావు బావా, అడుగున ఇంకోసారి తోము" అనేదాన్ని. ఒకరోజు మూడుసార్లు తోమించాను. మొదటిసారికే అద్దంలా ఉందని నాకూ తెలుసు.

ఇక నా ఘనకార్యం. తాటిదోనె చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. తాటిచెట్టు మొదలును నిలువునా చీల్చి, లోపలి గుజ్జు తొలిచేస్తే దోనె అవుతుంది. వేరు వైపు సహజంగానే మూసుకుని ఉంటుంది. నరికిన వైపు మాత్రం బార్లా తెరిచి ఉంటుంది, అక్కడ బంకమన్ను గట్టిగా మెత్తి నీళ్ళు రాకుండా కట్ట వేస్తాం. ఆ మట్టికట్ట అప్పుడప్పుడూ పగులుతుంది, మళ్ళీ మెత్తుకుంటాం. దాన్ని ఎవరూ దోనెలో భాగం అనుకోరు. ఒకరోజు నేనే చేపలు వేసుకుని ఏలూరు వెళ్ళి తిరిగొస్తుంటే కాలవలో ఉండగానే మా కట్ట పగిలింది. కాళ్ళ దగ్గరికి నీళ్ళొచ్చేశాయి. గబగబా ఒడ్డుకు చేర్చి, చేతికందిన కాలవ బురద తీసి మెత్తేసి ఇంటి దారి పట్టాను. మొగ దగ్గర ఆగి, నా పనికి నేనే ముచ్చటపడేలా దోనెను లోపలా బయటా తోముకున్నాను. ఒక బొట్టుకు రెండు బొట్లు పెట్టుకున్నాను. మట్టికట్ట జోలికి మాత్రం పోలేదు. మట్టిని ఎవరైనా కడుగుతారా?

నెల తిరిగేసరికి ఆ కట్టలోంచి ఉబ్బు కాడలతో నాలుగు ఆకులు, వాటి మధ్య ఊదారంగు పువ్వు. ముందుగా చూసింది ఎవరనుకున్నారు, బావే. మా రేవులో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే పిల్లా, దోనెలో పూలతోట వేశావా?"

"అరవకు బావా. నీకు దణ్ణం పెడతాను."

"దణ్ణం ఎందుకులే. బొమ్మిడాయిల పులుసు పెట్టు."

వాడు అటు తిరగ్గానే మొక్కను పీకి, దూరంగా సరస్సులోకి విసిరేశాను. ఊరందరికీ వేరుముక్క ఏరి గట్టున ఎండబెట్టమని చెప్పే మనిషిని, నా చేత్తో నేను, నీళ్ళలోకి. భయంలో బుర్ర అలాగే పనిచేస్తుంది. ఆ మర్నాటి నుంచి పులుసు వండి పెట్టడం, వాడి దోనె నేనే తోమి పెట్టడం. పులుసులో కారం రెట్టింపు వేశాను. మహానుభావుడు చెమటలు కక్కుతూనే గిన్నె ఖాళీ చేసి, "ఎల్లుండి కూడా ఇదే" అన్నాడు.

పది రోజులకు మావుల దగ్గర దోసెడు డెక్క తేలింది. పెదనాన్న అందరినీ పిలిపించాడు. ఆ డెక్కను నేల మీద పెట్టి, నేరుగా బావ వైపు చూశాడు. "కాలవకు ఎక్కువ తిరిగేది నువ్వు. నీ దోనెలోనే వచ్చుంటుంది. ఏమంటావురా?"

బావ ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. వాడి వెనక మా మేనత్త చీర చెంగు నోట్లో కుక్కుకుంటోంది. వాళ్ళకూ ఉన్నది ఆ ఒక్క తావే. నోరు తెరిచి నా పేరు చెప్పి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. చెప్పలేదు. అదే నాకు మండింది.

"ఆగండి పెదనాన్నా, అది మా దోనెలోది" అన్నాను.

నిజాయితీ అనుకునేరు. అదేం కాదు. ఈ మనిషి నా కోసం తావు పోగొట్టుకుంటే జన్మంతా వాడికి పులుసు వండుతూ కూర్చోవాలి, ఆ భయంతో చెప్పాను. (జన్మంతా వండక ఎలాగూ తప్పలేదు, అది వేరే సంగతి.)

మట్టికట్ట సంగతంతా చెప్పేసరికి ఊరు ఊరంతా రేవులోని దోనెల వైపు తిరిగింది. అందరి దోనెలకూ కట్టలు ఉన్నాయి, ఎవరూ ఏనాడూ వాటి వంక చూడలేదు. నాన్న కుంటుకుంటూ వచ్చి నన్ను కొట్టడానికి చెయ్యెత్తితే పెదనాన్న ఆపాడు. "తావు పోయిందిరా తమ్ముడూ, అందులో మార్పు లేదు. కాపలాకు మాత్రం ఇదే ఉంటుంది. ఆ మొక్క ఎక్కడ దాక్కుంటుందో దీనికొక్కదానికే తెలిసింది" అన్నాడు. ఆ రోజు నుంచి కాలవకు వెళ్ళొచ్చిన ప్రతి దోనె కట్టనూ మొగలోనే పగలగొట్టి, మన సరస్సు బంకమన్నుతో కొత్త కట్ట మెత్తాలని నియమం వచ్చింది. అంతకుముందు నన్ను కడిగించినందుకే తిట్టినవాళ్ళు ఇప్పుడు మోకాలిలోతు బురదలో దిగి మరీ తిట్టారు. తావు లేని మా ఇల్లు ఆ ఏడాది బావ వాళ్ళ తావులో సగం మావులు పెట్టుకుంది. రెండిళ్ళ మావులు ఒకచోట చేరాక పెద్దవాళ్ళకు ఇంకేం ఆలోచన వస్తుంది? పై ఏడు పెళ్ళి చేశారు.

ఆ నియమం నాలుగేళ్ళు నిలబడింది. అయిదో ఏట ఏరు పొంగి, పై ఊళ్ళ నీళ్ళన్నీ కొల్లేట్లోకి వచ్చాయి. వాటితోపాటే డెక్క, దోసెడు కాదు, ఎకరాలకెకరాలు. నేను చంటిపిల్లను చంకనేసుకుని మొగలో నిలబడి చూశాను, చేతిలో పీచు అలాగే ఉంది. మా ఆయన వచ్చి పక్కన నిలబడి, "ఒక్కొక్కటీ ఆపి కడుగుతావేంటే" అన్నాడు. ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదు.

ఇప్పుడైతే ఆ మాటకు నాకు నవ్వొస్తుంది. గుప్పెడు పీచుతో అంత సరస్సునూ కాపాడతానని అనుకుంది ఆ పొగరుబోతు పిల్ల. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పిల్ల ఇవాళ నాకు ఎదురొచ్చి, "దిగండి, కడగాలి" అంటే, ఎంత ఎండైనా సరే, నోరెత్తకుండా దిగి గట్టున నిలబడతాను.