ఆ శనివారం పాటలకు నేను పోలేదు

అక్క పోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున తొమ్మిది దాటింది. ఆఫీసుకు బయల్దేరి తలుపుకు తాళం వేస్తున్నాను. "అక్క ఫోన్ల మీ నంబరున్నది మేడమ్. తార్నాక చెల్లె అని రాసుకున్నది. చెప్పాలె గదా అని చేసిన," అన్నాడు. వారం రోజులు జ్వరమట. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. జనగామ నుంచి హైదరాబాదు తెస్తుంటే దారిలోనే అయిపోయిందట. నలభై మూడేళ్ల మనిషి.

ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఆ సంగతి దాచిపెట్టి నాలుగు మంచి మాటలు రాస్తే ఆమెకే నచ్చదు. ఏదైనా ఉన్నదున్నట్టు చెప్పమనేది. తను మాత్రం ఒకసారి నాకలా చెప్పలేదు.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. తార్నాకలో మా డాబా మీది గదిలో అద్దెకుండేది. యూనివర్సిటీలో భాషాశాస్త్రంలో రీసెర్చి చేస్తుండేది. జనగామ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చింది. మాది కడప జిల్లా. మా నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా కాబట్టి నేను పుట్టింది, పెరిగింది, చదివింది అంతా తార్నాక చుట్టుపక్కలే. ఆమె గదిలో చేరిన ఏడాదే నేను ఎమ్మెస్సీలో చేరాను. అప్పుడే తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌లో మళ్లీ రాజుకుంది.

మమ్మల్ని కలిపింది ఉద్యమం కాదు, జపాను పాటలు. అక్కడివాళ్లు గీసే బొమ్మల సీరియళ్లను యానిమే అంటారు. పిల్లల బొమ్మలనుకుని నవ్వేవాళ్లు చాలామంది. ఒక ఆదివారం బట్టలారేయడానికి డాబా ఎక్కితే ఆమె గదిలోంచి ఒక పాట వినిపించింది. ఆడగొంతు, వెనక ఒక్క పియానో. నేను రోజూ చూసే సీరియల్ చివర వచ్చే పాట. తడిబట్టల బకెట్టు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఏంది, నీకు గూడ ఎరుకేనా ఇది?" అంది లోపలి నుంచి.

"రోజూ వింటానక్కా. ఒక్క ముక్క అర్థం కాదు."

"అర్థం గాకముందే ఏడిపిస్తే గదే పాట. కూసో, చెప్త."

ఆ రోజు నుంచి పరీక్షలున్నా, బందులున్నా, సాయంత్రాలు ఆమె గదిలోనే గడిచేవి. పాటను ఆపి ఆపి వినిపించేది. ఒక్కో మాటనూ నోట్‌బుక్కులో తెలుగు అక్షరాలతో రాయించేది. "చూడు, మన లెక్కనే వాళ్ల మాటలు గూడ ఎక్కువ అచ్చులతోనే ఆగుతయి. అందుకే మన నోటికి అలకగ వస్తయి," అనేది. నేను తప్పు పలికితే తిట్టేది కాదు, తనూ అదే తప్పుతో ఒకసారి పలికి నా వైపు చూసేది. ఇద్దరికీ నవ్వొచ్చేది. మాట మధ్యలో పెన్సిలు చెవి మీద పెట్టుకుని మరిచిపోయి గదంతా వెతికేది. టీ చల్లారిపోయాక గానీ తాగేది కాదు. "వేడిది తాగితే నాలికె కాలుతది, మళ్ల పాఠమెట్ల చెప్తా," అనేది. ఇప్పుడు నేను చేసేది జపాను కంపెనీల కాగితాలను అనువదించే ఉద్యోగం. నేను తినే అన్నం ఆమె నేర్పిన అక్షరాలది. ఈ మాట నేనామెకు ఎప్పుడూ చెప్పలేదు.

క్యాంపస్‌లో అక్క వేరే మనిషి. కాలేజీ మెట్ల మీద నిలబడి మాట్లాడితే వెనక చెట్ల కింద కూర్చున్నవాళ్లు కూడా లేచొచ్చేవాళ్లు. ఊళ్లో ఎండిన బోరు గురించి, తన తండ్రి ఎన్నిసార్లు బావి తవ్వించాడన్న దాని గురించి చెప్పేది. మైకులో ఎప్పుడూ గొంతు చించుకునేది కాదు. బాష్పవాయువు వదిలిన రోజుల్లో తడిపిన రుమాళ్లు సంచినిండా పెట్టుకుని తిరిగేది. గాలి ఇటు తిరిగితే మా వీధిలోనూ కళ్లు మండేవి. కిటికీలు మూసుకుని లోపల కూర్చుంటే అక్క తలుపు తట్టి మా అమ్మ చేతిలో ఒక తడి రుమాలు పెట్టి మళ్లీ పరుగెత్తేది.

నాకు ఆ రోజులు సులువుగా గడవలేదు. కాలేజీ మెట్ల దగ్గర మా క్లాసతను ఒకడు, "మీరు సీమోళ్లు గదా, మీకేం," అన్నాడు ఒకసారి. పక్కనే ఉన్న అక్క, "ఈమె నా చెల్లె. నువ్వు పుట్టకముందే వీళ్ల నాయిన ఈడ ఫైళ్లు మోస్తున్నడు," అంది. మళ్లీ ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. ఆమె పక్కన నడిచినంతసేపు నాకు భయముండేది కాదు.

అట్లాంటి రోజుల్లో తెలిసింది, హైదరాబాదులో యానిమే అభిమానులంతా కలిసి పెద్ద కన్వెన్షన్ పెడుతున్నారని. మాదాపూర్ వైపు ఒక హాల్లో, రెండు రోజులు. వేషాలు, బొమ్మల అంగళ్లు ఎలాగూ ఉంటాయి. మమ్మల్ని కుర్చీలోంచి లేపింది మాత్రం సంగీత అతిథుల పేర్లు. ఆ పాట పాడిన గాయని, ఆ పియానో వాయించిన ఆయన, ఇద్దరూ శనివారం సాయంత్రం వేదిక ఎక్కుతారట. అక్కే ఇద్దరి పేర్లూ నమోదు చేసింది. పాసులు కంప్యూటర్లో వచ్చిన రోజు మేమిద్దరం డాబా మీద పాట మొత్తం గట్టిగా పాడాం. కింద నుంచి అమ్మ, "ఏమ్మే, ఎవురన్నా ఇంటే ఏమనుకుంటారు," అంటూనే మెట్ల దగ్గర నిలబడి విన్నది.

వారం ముందు క్యాంపస్‌లో లాఠీచార్జి జరిగింది. మా డిపార్ట్‌మెంటు కుర్రాడొకడికి తల పగిలింది. శనివారం బందుకు పిలుపొచ్చింది. పిలుపునిచ్చినవాళ్లలో అక్క కూడా ఉంది. గేటు దగ్గర ఆ రోజంతా నిరాహార దీక్ష అన్నారు.

నేను మూడు రోజులు తేల్చుకోలేకపోయాను. వాళ్లు జపాను నుంచి మళ్లీ మన ఊరికి వస్తారన్న ఆశ లేదు. మరోవైపు తలకు కట్టుతో ఆస్పత్రి మంచం మీదున్న క్లాస్‌మేటు. ఇంట్లో అమ్మ ఒకటే మాటంది. "పోవాలనుంటే పో. ఒకరికి భయపడి పాట ఇనకుండా ఉంటారా యాడన్నా? పోకూడదని నీకే అనిపిస్తే ఉండిపో. ఎవురో ఏమో అంటారని మాత్రం ఆగొద్దు."

గురువారం సాయంత్రం పైకెళ్లి అక్కనే అడిగాను. "ఏం చేద్దామక్కా? బస్సులుండవు. సికింద్రాబాదు దాకా నడిచిపోతే ఏదో ఒకటి దొరుకుతుంది."

ఆమె పోస్టర్ మీద అక్షరాలు దిద్దుతోంది. తల ఎత్తలేదు. "గాడ పిల్లల తలకాయలు పగుల్తుంటే, నువ్వు లైట్ల కింద కూసోని పాటలింటవా?"

"నువ్వు రావా?"

"నేనెట్ల వస్త? బందుకు పిలిచింది నేనే గదా." ఇంకో అక్షరం దిద్ది అంది. "నువ్వు పోతే నేను వద్దన. నీ ఇష్టం, ఆలోచించుకో. కానీ రేపు క్యాంపస్‌ల ఎవరన్న నిన్ను అడిగితే, ఈసారి నేను అడ్డం రాలేను."

ఆ మాటతో నా ఆలోచన అయిపోయింది. భయంతో ఆగానని మొదట్లో అనుకున్నాను. కాదు. ఆమె చెల్లెలని అనిపించుకోవాలని ఆగాను. ఆమె ఒక్కసారి మెచ్చుకుంటే చాలనుకున్నాను.

శనివారం పొద్దున్నే దీక్షా శిబిరానికి పోయాను. చాపల మీద నలభై, యాభై మంది కూర్చున్నారు. అక్క లేదు. ఎవరో చెప్పారు, "వాళ్ల నాయినకు బాగలేదట, పొద్దుగాల్నే ఊరికి పోయింది," అని. ఫోన్ చేస్తే స్విచాఫ్. సాయంత్రం దాకా ఎండలో, నీళ్లు కూడా తాగకుండా కూర్చున్నాను. ఆరు గంటలకు ఆ హాల్లో పాట మొదలై ఉంటుందని గుర్తొచ్చింది. ఆ ఆలోచనకే సిగ్గుపడ్డాను. అక్క తండ్రి మంచం మీదుంటే నాకు పాట గుర్తొస్తోందేమిటని నన్ను నేను తిట్టుకున్నాను. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఆయన పేరున దీపం పెట్టింది.

సోమవారం అక్క తిరిగొచ్చింది. "నాయినకు నయమయింది," అంది. అమ్మ జొన్నరొట్టెలు చేసి పైకి పంపింది. అక్క తిన్నది. "నువ్వు శిబిరంల కూసున్నవట గదా," అని నా తల నిమిరింది. ఆ మెచ్చుకోలు కోసమే గదా నేను ఆశపడింది. దొరికింది. రెండు వారాలు ఆ సంతోషంతోనే తిరిగాను.

తర్వాత డిపార్ట్‌మెంటు కంప్యూటర్లో కన్వెన్షన్ వాళ్ల ఫొటోలు చూశాను. పోలేకపోయినా వేదికైనా చూద్దామని తెరిచాను. పదో ఫొటోనో, పన్నెండో ఫొటోనో. గాయని మధ్యలో నిలబడి ఉంది. ఆమె పక్కన రెండు చేతులూ గుండెల దగ్గర పట్టుకుని మా అక్క. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపు ఆ సంతోషాన్నే చూస్తూ కూర్చున్నాను. అబద్ధం సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఆమె డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది.

"మీ నాన్నకు ఏమైందన్నావక్కా ఆ శనివారం?"

నా గొంతులోనే ఆమెకు తెలిసిపోయింది. చేతిలోని దుప్పటిని మడత పెట్టడం ఆపలేదు. "పోయిన," అంది.

"నన్ను వద్దన్నావు."

"వద్దనలే. ఆలోచించుకొమ్మన్న."

అబద్ధం చెప్పిందన్నదానికంటే ఆ జవాబే నన్ను ఎక్కువ కోసింది. నిజంగానే ఆమె వద్దనలేదు. నేను ఆగిపోయేలా మాట్లాడి, ఆ పని నా చేతే చేయించింది. "మా అమ్మ మీ నాన్న కోసం దీపం పెట్టింది," అని మాత్రం చెప్పి కిందికొచ్చేశాను. ఆ నెలాఖరుకే ఆమె గది ఖాళీ చేసింది. పోయే రోజు అమ్మ కాళ్లకు దండం పెట్టింది. నేను ఇంట్లో ఉండి కూడా బయటికి రాలేదు.

జపనీస్ మాత్రం వదల్లేదు. మొదట్లో పంతంతో చదివాను. ఆమె దగ్గర మొదలుపెట్టిన పనిని ఆమె లేకుండా పూర్తిచేసి చూపించాలని.

రాష్ట్రం వచ్చిన మరుసటేడు విద్యానగర్ బస్టాపులో కనబడింది. జనగామ జూనియర్ కాలేజీలో లెక్చరరైంది. మనిషి కొంచెం చిక్కింది. పలకరించి, తప్పించుకోకుండా ఆమే ఎత్తింది ఆ మాట.

"బందుకు పిలిచింది నేనే. పాటకు పోయింది గూడ నేనే. రెండూ నిజమే. అట్లాంటి మనిషిని ఎవ్వలు ఒప్పుకుంటరు చెప్పు? నువ్వు పక్కనుంటే నేను పాట వినలేకపోతుంటి. నువ్వు చూస్తున్నవన్న సోయే ఉంటుండె."

"నేను ఒప్పుకునేదాన్నక్కా. చెప్పుంటే ఇద్దరం పోయేవాళ్లం. ఎవరికీ చెప్పేదాన్ని కాదు."

"తెల్సు. గందుకే ఆ తర్వాత నీ మొఖం చూడలేకపోయిన."

"నిన్నెవరూ అడగరు, నువ్వు ఇక్కడిదానివి. నన్నడుగుతారు. ఆ సంగతి తెలిసే ఆ మాటన్నావు కదా?"

ఆమె తల వంచుకుంది. నా బస్సు వచ్చింది. ఎక్కేశాను. కిటికీలోంచి ఆమె వైపు చూడలేదు. ఆమె తన తీరులో క్షమించమని అడిగింది, నేనే ఆ మాట ఇవ్వలేదని ఇప్పుడనిపిస్తుంది. మళ్లీ ఒక్కోసారి, ఎందుకివ్వాలని కూడా అనిపిస్తుంది. పండక్కి ఆమె పంపిన మెసేజీలకు ఒక్క మాటతో జవాబిచ్చేదాన్ని. అంతే.

పదకొండో రోజు వాళ్ల ఊరికి పోయాను. అక్క పెళ్లి చేసుకోలేదు కాబట్టి చేయాల్సినవన్నీ తమ్ముడే చేశాడు. ముసలి తండ్రి నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు దండం పెట్టి మంచం పక్కన నిలబడ్డాను. ఆయనే, "తిన్నవా బిడ్డా," అన్నాడు.

ఆమెను దహనం చేసింది వాళ్ల పొలం చివర. నాట్ల కోసం మళ్లలో నీళ్లు పెట్టారు. సన్నటి గట్టు మీద ఒకరి వెనక ఒకరు పోవాలి. ఆమె కాలేజీ ఆడపిల్లలు ముప్పై మందిదాకా వచ్చారు, యూనిఫారాల్లో. నా ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగింది.

"మీరు హైదరాబాదు నుంచి వచ్చిండ్రా మేడమ్? మా మేడమ్ మీకెట్ల ఎరుక?"

"మా ఇంటి మీది గదిలో ఉండేది. నాకు చదువు చెప్పింది."

"మీతోని మంచిగ ఉండెనా?"

"చాలా మంచిగా ఉండేది," అన్నాను. "ఒక్కసారి తప్ప."

ఆ ఒక్కసారి ఏమిటని ఆ అమ్మాయి అడగలేదు. నా కాళ్ల వైపు చూసి, "గట్టు జారుతది, చెప్పులిడువుండ్రి," అని మాత్రం అంది. వంగి విప్పుకుని లేచేసరికి ఆ పిల్లలంతా చెప్పులు చేతుల్లో పట్టుకుని, రెండో చేయి కొంచెం పక్కకు చాపి, పడిపోకుండా, ఆ నీళ్ల మధ్యలోంచి ఒకరి వెనక ఒకరు ముందుకు పోతున్నారు.