అన్నయ్యకు కొన్న గాలి తుపాకి

మొన్న ఆదివారం పొద్దున మా అల్లుడు గుంటూరు నుంచి ఫోనులో మూడు ఫొటోలు పంపాడు. మూడూ గాలి తుపాకులే. సెలవురోజున మేడమీద డబ్బాలు వరసగా పెట్టి సరదాగా కాల్చుకుంటాడట, మరీ జేబుకు చిల్లు పడకుండా వీటిలో ఏది తీసుకుంటే బాగుంటుందో చెప్పమని అడుగుతూ, మావయ్యగారు పూర్వం ఒకటి కొన్నారని అత్తయ్యగారు చెప్పారంటూ కింద ఒక ముక్క రాశాడు. ఒక్కో ఫొటో పక్కన ఆ తుపాకి గుండు ఎంత వేగంగా పోతుందో, ఎంత మందం చెక్కను చీలుస్తుందో గొప్పగా అచ్చువేసి ఉంది. నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను, కాఫీ చల్లారిపోతోందని మా ఆవిడ వంటింట్లోంచి కేకేస్తున్నా చెవికెక్కలేదు.

కొన్నమాట నిజమే. కానీ మేము కొన్నది కొట్టులో ఉన్నవాటిలోకెల్లా చేతకాని తుపాకి ఏదో అడిగి మరీ కొన్నది. ఆ సంగతి అల్లుడికి ఫోనులో ఎలా చెప్పను? మీకైతే చెప్పగలను, ఎందుకంటే మన ఈడువాళ్ళకి, అందులోనూ నల్లరేగడి మీద పుట్టినవాళ్ళకి, పచ్చపురుగు ఏడాది అంటే చాలు, ఇంకేమీ విప్పి చెప్పక్కర్లేదు.

నేనప్పుడు పర్చూరు వైపు మా ఊరికి దగ్గర పల్లెలో కొత్తగా బడిపంతులుగా చేరాను. పెళ్ళి కాలేదు గనుక అన్నయ్యా వదినల దగ్గరే ఉండి రోజూ సైకిలు మీద బడికి పోయి వచ్చేవాణ్ణి. అన్నయ్య పత్తి వేశాడు. ఊరంతా పత్తే వేసింది, ఆ రోజుల్లో మిరప వేసేవాణ్ణి కూడా పత్తి వేయలేదేంరా అని వింతగా చూసేవాళ్ళు. పైరు నడుముదాకా పెరిగి, పూత దిగి, కాయ కట్టి, ఇక చేతికొచ్చినట్టే అనుకుంటుండగా పురుగు పడింది. ఏ మందు కొట్టినా చావలేదు. రెండు రకాలు కలిపి కొట్టినా చావలేదు. చేలో నిలబడితే అది కాయ నమిలే చప్పుడు వినిపిస్తోందని అన్నయ్య అనేవాడు. అంత చిన్న పురుగు నమిలితే చప్పుడు వినిపిస్తుందో లేదో నాకు తెలియదు గాని, ఆయనకు మాత్రం ఇంట్లో కంచం ముందు కూర్చున్నా అదే వినిపించేది. తర్వాత ఆ మాట కూడా మానేశాడు. పొద్దున లేచి పొలానికి పోవడం మానేశాడు, గడ్డం గీసుకోవడం మానేశాడు, పెరట్లో నులకమంచం మీద కూర్చుని ఎదురుగా ఉన్న గోడను చూస్తూ పొద్దుపుచ్చేవాడు.

మా వైపు మందు అంటే జ్వరానికి వేసుకునేది కాదు, చేలో కొట్టేది. ఆ శీతాకాలం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రోజు మార్చి రోజు ఒకటే కబురు, ఫలానా ఆయన మందు తాగాడట అని. ఆ మాట విన్న ప్రతిసారీ వదిన చేతిలో పని వదిలేసి పెరట్లోకి వచ్చి అన్నయ్య మంచం మీద ఉన్నాడో లేడో చూసుకుని వెళ్ళేది. మిగిలిన మందు డబ్బాలు పారేద్దామంటే అవి నీళ్ళు కావు గదా, వచ్చే పంటకారుకు పనికొచ్చేవి. పోనీ ఇంట్లో దాద్దామంటే, ఎవరిల్లు వాళ్ళకు తెలియనిదా, మగవాడు వెతికితే ఎక్కడ దొరకదు? అందుకని మా బజారులో ఆడవాళ్ళంతా మగవాళ్ళకు చెప్పకుండా ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎవరి మందు వాళ్ళ ఇంట్లో ఉంచకుండా పక్కింట్లో దాచేవాళ్ళు. మాది పక్కింటి పిన్ని తీసుకుపోయి వాళ్ళ అటక మీద పెట్టింది, వాళ్ళది వదిన తెచ్చి మా గొడ్లచావిట్లో తవుడు బస్తాల వెనక పెట్టింది. ఇక ఎవరి మగవాడు ఎంత వెతుక్కున్నా దొరకదని వాళ్ళ ధైర్యం. నాకూ అది బ్రహ్మాండమైన ఉపాయంగానే తోచింది.

అయితే మందు దొరకనంత మాత్రాన మనిషి బతికినట్టు కాదు గదా, అన్నయ్య నోరు మెదపలేదు. అన్నయ్యకు కుర్రతనంలో తిరునాళ్ళలో బుడగలు కాల్చే సరదా ఉండేది. గురి తప్పడమన్నది ఎరగడు. ఆయన దూరంగా కనబడగానే బుడగల కొట్టువాడు తుపాకి చాటున పెట్టేసి, ఇవాళ్టికి అయిపోయాయి బాబూ అని దండం పెట్టేవాడు. అది గుర్తొచ్చి, ఒక గాలి తుపాకి కొనిపెడితే ఆ చూపు గోడ మీంచి మళ్ళుతుందేమోనని వదినతో అన్నాను. ఆవిడ నిప్పులు కక్కింది.

"ఏమయ్యా, మందు డబ్బా కూడా లేకుండా ఇల్లంతా ఊడ్చి పెట్టుకుంటే, నువ్వు తుపాకి తెచ్చి ఆయన చేతిలో పెడతావా? చదువుకున్నవాడివేనా?"

అది గాలితో పేలేదేనని, పిట్టలకు తప్ప మనుషులకు ఏమీ కాదని ఎంత చెప్పినా వినలేదు. కానీ రెండు రోజులు పోయాక, అన్నం కలిపి నోట్లో పెట్టినా మింగని మొగుణ్ణి చూసి చూసి, సరే పద, నేనూ వస్తాను, నేను చూస్తేగాని కొనడానికి వీల్లేదు అంది. పాలమ్ముకుని దాచుకున్నది కొంగున ముడేసుకుని, అన్నయ్యను పిన్నికి అప్పగించి బస్సెక్కింది.

గుంటూరులో తుపాకుల కొట్టులోకి చీరకొంగు కప్పుకుని ఒక రైతు ఇల్లాలు రావడం ఆ కొట్టు పెద్దాయన, ఒక సాయిబుగారు, అంతకుముందు చూసినట్టు లేదు. నన్నే చూస్తూ, కొంగల్నా, అడవి పందుల్నా, ఏం కొట్టాలి బాబూ అని అడిగి, బల్ల మీద ఒకటి పెట్టి, దీని స్ప్రింగు ఇంత గట్టిది, దీని దెబ్బ అంత దూరం పోతుంది అని వర్ణిస్తున్నాడు.

"ఏదీ కొట్టక్కర్లేదండి," అంది వదిన. "మనిషికి ప్రాణం మీదికి రాకుండా ఉండేది చూపించండి. మా ఆయనకి."

ఆయన మా ఊరి పేరు అడిగాడు. ఏం పంట వేశారని అడిగాడు. తర్వాత ఇంకేమీ అడగకుండా బల్లమీది తుపాకి తీసి లోపల పెట్టేసి, మమ్మల్ని వెనక దొడ్లోకి తీసుకుపోయి, ఒక గోతాన్ని మడతలు మడతలుగా పెట్టి గోడకు ఆనించాడు. ఒక్కో తుపాకినీ గొట్టం కిందికి వంచి, సీసపు గుండు పెట్టి, గొట్టం మళ్ళీ సరిచేసి కాల్చాడు. మొదటిది గోతాన్ని ఇటునుంచి అటు దూసేసింది. రెండోదీ అంతే. ఆఖరున మూల నుంచి ఒక పాతరకం తీశాడు. చూడ్డానికి బానే ఉంది గాని స్ప్రింగు మెత్తబడింది, అందుకే ఎవరూ కొనడం లేదట, ధరా తక్కువే. దాని గుండు రెండు మడతలు దాటి మూడోదాంట్లో ఆగిపోయింది. వదిన వంగి గోతం మడతలు విప్పి, వేలు పెట్టి ఆ గుండు తడిమి చూసి, ఇదివ్వండి అంది. కళ్ళకు తగిలితే మాత్రం ఇదైనా ఊరుకోదని, కాల్చేటప్పుడు ఎదర ఎవరూ లేకుండా చూసుకోవాలని సాయిబుగారు ఒకటికి రెండుసార్లు చెప్పి, గుళ్ళ డబ్బీ ఒకటి ఊరికే ఇచ్చాడు.

ఊళ్ళో గన్ను తెచ్చామంటే అందరూ మందు కొట్టే స్ప్రేయరు గన్ననుకున్నారు, ఇంకా ఏం మిగిలిందని కొడతారని నవ్వారు కూడా. అన్నయ్య మొదటిరోజు దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు నేను పెరటి గోడకు ఒక దారం కట్టి, దానికి ఎండుమిరపకాయలు వేలాడదీసి, కావాలనే అడ్డదిడ్డంగా కాలుస్తుంటే కాసేపు చూసి, చూసి, విసుగొచ్చి లేచి వచ్చాడు. నా చేతిలోంచి తుపాకి లాక్కుని కాయను కాదు, దాని తొడిమ కొట్టాడు. కాయ నిలువునా జారి కింద పడింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నెలన్నర తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట, గుళ్ళు ఇంకా ఉన్నాయిరా అని.

ఇక సాయంత్రమైతే మా పెరడు తిరునాళ్ళే. పంట పోయిన మగవాళ్ళంతా అక్కడే చేరేవాళ్ళు. మిరపకాయలయ్యాక అగ్గిపెట్టెలు, అగ్గిపెట్టెలయ్యాక చొప్పకట్టకు గుచ్చిన చిల్లపెంకులు. అందరిలోకీ గట్టిగా వినిపించే గొంతు పక్కింటి బాబాయిది. ఆయనది మాకంటే పెద్ద కమతం, మాకంటే ఎక్కువే పోయింది, కానీ మనిషి చెక్కుచెదరలేదు. తను కాల్చింది ఒక్కటీ తగిలేది కాదు. "ఏరా పెద్దోడా, నీ గన్ను నన్ను చూసి సిగ్గుపడుతోందిరా" అంటూ నవ్వించి నవ్వించి చంపేవాడు. అన్నయ్య నవ్వింది కూడా ఆయన మాటలకే. ఆయన వచ్చి కూర్చుంటే వదిన ధైర్యంగా వంట పని చూసుకునేది. మా కళ్ళన్నీ అన్నయ్య మీదే ఉండేవి. బాబాయిని ఎవరు కనిపెట్టి చూస్తారు, ఆయనకేం, నవ్వుతూనే ఉన్నాడుగా.

ఒకరోజు పొద్దున అన్నయ్య పెరట్లో తుపాకి గొట్టానికి నూనె రాస్తున్నాడు, నేను బడికి బయల్దేరబోతున్నాను, గోడ అవతల నుంచి పిన్ని కేక వినబడింది. అన్నయ్యే ముందు గోడ దూకాడు. మేము వెళ్ళేసరికి బాబాయి తలను ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తున్నాడు. అటకకు నిచ్చెన వేసి ఉంది. మంచం పక్కన డబ్బా పడి ఉంది. చేలో కూలీల దగ్గర కలిసిపోకుండా అన్నయ్య తన డబ్బాలన్నిటికీ మూతమీద మేకుతో గీత గీసుకునేవాడు, ఆ గీత దానిమీద ఉంది.

"ఒరేయ్, ఇది మన డబ్బారా. ఇక్కడికెలా వచ్చిందిరా?"

వదిన ఉన్నచోటే గోడకు చేరగిలబడి కూలబడిపోయింది, ఆవిణ్ణి చూసి ఆయనకే అర్థమైంది. ట్రాక్టరు మీద వేసుకుని పెద్దాసుపత్రికి బయల్దేరాం గాని, సగం దారిలోనే అయిపోయింది. దారి పొడుగునా అన్నయ్య ఆయన తలను కిందికి దించలేదు.

ఆ సాయంత్రానికల్లా మా బజారులో ఆడవాళ్ళు ఏడుస్తూనే ఒకరింటికి ఒకరు పోయి ఎవరి డబ్బాలు వాళ్ళు తెచ్చేసుకుని, మెరక మీద గొయ్యి తవ్వించి అన్నీ పూడ్పించేశారు. ఒక మగవాడి కంటపడకుండా దాచింది ఇంకో మగవాడి నెత్తిమీద పెట్టామన్న సంగతి అంతమంది ఆడవాళ్ళలో ఒక్కరికీ, పంతుల్నన్న పేరేగాని నాకూ, తట్టలేదు. దినం అయ్యాక వదిన వెళ్ళి పిన్ని కాళ్ళ మీద పడింది. పిన్ని లేవనెత్తి, "నీదేం లేదమ్మాయ్, నేనే అటక ఎత్తుగా ఉందనుకున్నాను" అంది. అంతే. ఆ తర్వాత చాలా ఏళ్ళు గోడకు అటూ ఇటూ ఉండి, కూరా నారా ఇచ్చిపుచ్చుకుంటూనే బతికారుగాని, ఆ మాట మళ్ళీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

అన్నయ్య మళ్ళీ సేద్యం చేశాడు. పత్తి మాని మిరప వేశాడు, పిల్లలకు పెళ్ళిళ్ళు చేశాడు, ముసలివాడై జబ్బుచేసి మంచంలోనే పోయాడు. ఇప్పుడు మా బజారులో ఇంటింటికీ ప్రహరీలు లేచాయి, ఇనుప గేట్లు పెట్టారు. మందు ఎవరి షెడ్డులో వాళ్ళది తాళం వేసి ఉంటోంది. పక్కింటాయన ఎలా ఉన్నాడో ఆయన ఫోనులో పెట్టిన నవ్వు బొమ్మను చూసి తెలుసుకుంటున్నాం.

అన్నయ్య ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, వదిన నిద్రలో ఉందని చూసుకుని, నన్ను దగ్గరకు రమ్మన్నాడు. ఆ ఏడు ఏమనుకున్నాడో, తుపాకి ఎందుకు తెచ్చామో తనకు ముందే తెలుసో లేదో, అన్నేళ్ళలో ఒక్కసారైనా ఆయన అనలేదు, నేను అడగలేదు. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని గోడ అవతలి వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"నాకైతే మీరు గుంటూరు దాకా పోయి ఏదో ఒకటి కొనుక్కొచ్చారు. బాబాయికి ఎవరం ఏమీ కొనలేదురా."