కోటగిరి మక్క చేన్ల నా జాజ్ ఆల్బమ్

ముందుగాలనే చెప్తున్న, నా ఆల్బమ్ ఫెయిల్ కాలే. మొదటి దెబ్బ నుంచి చివరి దాకా కదలకుండ కూసొని విన్నోళ్లు ఉన్నరు. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని ఇప్పుడే అడగకుండ్రి. మొన్న ఆదివారం కోటగిరిల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో వరుసగ చెప్త. మీరు చాయ్ తాగుకుంట నవ్వుండ్రి, నాకిప్పుడు అలవాటైంది.

నా సంగతి మీకు తెల్వంది కాదు. పొద్దంతా నిజామాబాద్‌ల మోటార్ పంపుల స్పేర్ పార్టుల దుకాణం. సాయంత్రమైతే రాక్ బ్యాండుల డ్రమ్ములు. రాక్ బ్యాండ్ అంటే పెద్దగ ఊహించుకోకుండ్రి. కాలేజీ ఫంక్షన్లు, పెళ్లిళ్ల సంగీత్‌లు, వినాయక మండపాలు. మేము కొడుతుంటే జనం ఎగురుతరు. బిర్యానీ గిన్నె మూత తీసిన్రంటే మేమెవరమో కూడ యాదికుండది.

అట్లనే ఒక పెళ్లిల నా డ్రమ్ సోలో మొదలైంది. కళ్లు మూసుకొని లోకం మర్చిపోయి కొడుతున్న. ఎవరో భుజం తట్టిండు. "అన్నా, జర ఆపుండ్రి, పెరుగన్నం కాడ వినొస్తలేదట." పెరుగన్నం కాడ ఏం వినాలె? అయినా ఆపిన. ఆ రాత్రే గట్టిగ అనుకున్న, నేను ఫంక్షన్ మనిషిని కాదు, ఆర్టిస్టును. సోలో ఆల్బమ్ చేస్త. అది కూడ మామూలుది కాదు, ఎక్స్‌పరిమెంటల్ జాజ్!

జాజ్ అంటే ఏందో తేలికగ చెప్త వినుండ్రి. దెబ్బ ఎక్కడ పడుతదని అందరు ఎదురుచూస్తరో అక్కడ పడొద్దు. అంతే. నాకు ఆ విద్య ముందునుంచే వచ్చు. మా బ్యాండ్ గిటారిస్టు ఇమ్రాన్ ఇన్ని రోజులు దాన్ని తప్పు అనేటోడు.

దుకాణం వెనుక గదిల రికార్డింగ్ పెట్టిన. డ్రమ్ములతోని పాటు మోటార్ మూతలు, ఇనుప పైపులు, నట్ల డబ్బా, ఏది దొరికితే అది కొట్టిన. ఒక పాట పేరు 'రైలు గేటు'. ఇంకోటి 'బోరు మోటారు'. అన్నిటికన్నా గొప్పది ఆఖరుది, 'మౌనం'. అందుల ఏం ఉండది. ఐదారు నిమిషాలు కర్రలు చేతుల పట్టుకొని కూసున్న, కొట్టలే. అంతసేపు కొట్టకుండ ఉండుడు డ్రమ్మర్‌కు ఎంత కష్టమో మీకేం తెలుసు!

ఇమ్రాన్‌కు వినిపిస్తె తల గోక్కున్నడు. "అరే భాయ్, కొట్టనిదానికి రికార్డింగ్ ఎందుకు?"

"నీకు సమజ్ కాదు. ఆల్బమ్‌కు గుండెకాయే అది."

"మరి గుండెకాయ కొట్టుకోవాలె కద యార్!"

హెడ్‌ఫోన్లు వాపస్ గుంజుకున్న. పెద్ద ఆర్టిస్టులు చిన్న మాటలకు జవాబియ్యరు.

ఆల్బమ్ ఆన్‌లైన్‌ల పెట్టిన. ఆ యాప్ ఒక దుర్మార్గపుది. వినేటోళ్లు ఎక్కడ బంద్ చేసి పారిపోయిన్రో గీత గీసి మరీ చూపిస్తది. నా గీత మొదటి నిమిషంలనే బావిల పడ్డది. 'మౌనం' దాకా ఒక్క పురుగు రాలే.

ఇంట్లోళ్లకు పెట్టిన. నా భార్య స్వప్న ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కళ్లు మూసుకున్నది. ఎంత లీనమైందో అనుకున్న. కాసేపటికి గురక! ఇయర్‌ఫోన్లు తీసి స్పీకర్ల పెడితె, నన్ను కన్న మా అవ్వ వంటింట్ల నుంచి కేకేసింది. "మిక్సీల ఏదో ఇరుకున్నదిరా, బంద్ చెయ్యి, కాలిపోతది!" మిక్సీ ఆడ అల్మారిల ఉన్నది. నడుస్తున్నది నా 'బోరు మోటారు'.

ఇమ్రాన్ ఇదంతా విని ఒక పందెం కట్టిండు. "జిల్లా మొత్తంల ఒక్క మనిషి నీ ఆల్బమ్ పూరా వింటె, వచ్చే వినాయక చవితికి నీ డ్రమ్ములన్నీ నేనే మోస్త. ఎవ్వడు వినకపోతే సోలో గీలో బంద్. చుప్‌చాప్ బ్యాండ్‌కు వచ్చి సీదా బీట్ కొట్టాలె."

సరే అన్న. ఒక్క మనిషే కద, దొరకడా?

దొరికిండు! మా గంగారాం మామ. మా అవ్వకు తమ్ముడు, స్వప్నకు నాయిన. అంటే నాకు మేనమామ, పిల్లనిచ్చిన మామ, రెండూ ఆయనే. కోటగిరి దగ్గర ఎవుసం చేస్తడు. ఏదో మోటార్ సామాను కోసం దుకాణానికి వచ్చిండు. అప్పుడే నేను ఆల్బమ్ పెట్టుకున్న. ఆయన గడప మీదనే ఆగిపోయిండు. అంతకుముందు అట్ల ఆగినోడు లేడు, అందరు గడప దాటి అటే పోయిన్రు.

"ఏందల్లుడా గిది?"

"నా సోలో ఆల్బమ్ మామా."

గడ్డం కింద చెయ్యి పెట్టుకొని విన్నడు. "ఎంతసేపు వస్తది?"

"ముప్పావు గంట."

"ఒక్క తీరుగ వస్తదా, మారుతదా?"

"ఒక్క దెబ్బ లెక్క ఇంకో దెబ్బ ఉండది మామా."

"గదే! నాకు గదే కావాలె! పెన్ డ్రైవ్‌ల ఎక్కియ్యి."

నా కళ్లల్ల నీళ్లు తిరిగినయి, అబద్ధం ఎందుకు. నా సంగీతం గురించి అంత లోతైన ప్రశ్న ఎవరూ అడగలే. పెన్ డ్రైవ్ కొత్తది కొనిచ్చిన. ఆగకుండ మళ్లీ మళ్లీ తిరిగేటట్టు కూడ పెట్టిచ్చిన.

తర్వాత ఫోన్లు మొదలైనయి. "అల్లుడా, మస్తు పనిజేస్తుంది నీ పాట! పొద్దుగాల పెడ్తె పొద్దుగూకే దాక నడుస్తనే ఉంటది."

పొద్దుగూకే దాకా! నా జన్మ ధన్యం.

"మా పక్క నర్సయ్య గుడ అడుగుతుండు, కాపీ ఇయ్యనా?"

"ఊరంతా ఇయ్యి మామా!"

ఈ ముచ్చట ఇమ్రాన్‌కు రోజుకొకసారి చెప్పిన. వాడు నమ్మలే. స్వప్న మాత్రం "మా నాయిన పాటలే వినడు కద బావా" అని అనుమానంగ చూసింది. మంచి సంగీతం దొరకక వినలేదేమో అన్న.

పోయిన వారం మళ్లీ ఫోన్. ఈసారి మామ గొంతు బరువుగ ఉన్నది. "ఆదివారం ఓపారి రా అల్లుడా. నీ పాట తోటి ఒక ముచ్చట వచ్చింది. ఫోన్ల చెప్పేది కాదు."

ఫోన్‌ల చెప్పేది కాదంటే ఇంకేముంటది? సన్మానం! శాలువ కప్పుతరు, ఊరోళ్లు రెండు మాటలు మాట్లాడుతరు. కొత్త కుర్తా తొడుక్కున్న. స్వప్నను ఎక్కించుకొని, సాక్షికి ఇమ్రాన్‌ను గుంజుకొచ్చిన, కారు కూడ వాడిదే. బోధన్ దాటినంక చెరుకు ట్రాక్టర్ వెనుక ఇరుక్కున్నం. అంతసేపు నేను వెనుక సీట్ల కూసొని ఉపన్యాసం ప్రాక్టీస్ చేసిన. "నా గురువులు ఎవరంటే..." అని మొదలుపెట్టంగనే స్వప్న కిటికీ దించి చెరుకు దిక్కు చూసుకుంట కూసున్నది.

ఇంటికి పోతె మామ లేడు, చేను కాడున్నడట. నడుచుకుంట పోయినం. ఇంకా చేను రాకముందే, దూరం నుంచే, గాలిల తేలుకుంట, నా మోటార్ మూతల చప్పుడు!

"విన్నవా? విన్నవా?" అని ఇమ్రాన్ చెయ్యి పట్టుకొని ఊపిన. వాడి మొఖం చిన్నగైంది. డ్రమ్ములు మోసుడు కండ్ల ముందల కనబడ్డది కావచ్చు.

చేను కాడికి పోయి చూస్తె, మక్కజొన్న చేను నట్టనడుమ ఒక కట్టె. కట్టెకు ఒక మైకు డబ్బా. డబ్బాకు వానకు తడవకుండ యూరియా సంచి. పక్కన ఇంకో కట్టెకు చినిగిన అంగీ, తలకాయకు బోర్లిచ్చిన కుండ. నా సోలో డెబ్యూ ఆ దిష్టిబొమ్మ పక్కన నిలబడి మోగుతున్నది.

ఇమ్రాన్ చేను ఒడ్డు మీద కూలబడి కడుపు పట్టుకొని నవ్విండు.

"మామా, ఇదేంది?"

"కోతులకు పెట్టిన అల్లుడా! ఇంతకుముందు కుక్కల మొరుగుడు పెట్టేది. రెండు దినాలకే అలవాటు పడ్డయి. దెబ్బ ఎప్పుడు పడ్తదో తెలిస్తె కోతి బెదరది. నీది ఎప్పుడు పడ్తదో ఎవ్వనికి తెల్వదాయె. ఒక్కటే ఉరుకుడు!"

జాజ్ గురించి ఇంత చక్కగ చెప్పినోళ్లను నేను చూడలే. అయినా ఏడుపొచ్చింది. శాలువ మీద ఆశ ఇంకా చావలే, అందుకే అడిగిన. "మరి ముచ్చట అన్నవు?"

"గటు సూడు."

అటు ఒడ్డు మీద కోతులు. బారుగ కూసున్నయి. పిల్లకోతులు తల్లుల ఒళ్లె, ముందట ఒక పెద్ద గండుకోతి. ఒక్కటి కూడ ఉరుకుతలేదు. ఒక్కటి కూడ అరుస్తలేదు. అన్నీ మైకు డబ్బా దిక్కే చూస్తున్నయి.

"వారం సంది గిదే కథ," అన్నడు మామ. "పొద్దుగాల్నే వస్తయి, కూసుంటయి, ఇంటయి."

నా ఛాతి ఉబ్బింది, సిగ్గు లేకుండ చెప్తున్న. ఇమ్రాన్ దిక్కు తిరిగి, "చూసినవా ఆడియెన్స్‌ను?" అన్న.

"మాషా అల్లా భాయ్, హౌస్‌ఫుల్," అన్నడు కండ్లు తుడుచుకుంట.

"జర ఆగుండ్రి," అన్నడు మామ.

ఆల్బమ్ ఆఖరుకొచ్చింది. 'మౌనం' మొదలైంది. చేనంతా నిశ్శబ్దం. గండుకోతి లేచింది. ఒళ్లు విరుచుకున్నది. నింపాదిగ చేన్లకు దిగింది. దాని వెనుక మొత్తం ఖాన్‌దాన్! ఫట్ ఫట్ ఫట్‌మని కంకులు ఇరుగుతున్నయి. మామ రాళ్లు విసిరిండు, అరిచిండు. ఏం ఫాయిదా లేదు. నా గుండెకాయ ట్రాక్ అయిపోయి మళ్లా మొదటి పాట ధన్‌మనంగనే, రెండు చేతులల్ల కంకులు పట్టుకొని బయటికొచ్చి, ఒడ్డు మీద కూసొని పొట్టు ఒలుచుకున్నయి. మళ్లా 'మౌనం' వచ్చేదాకా తీరిక!

"అల్లుడా, గక్కడ ఏం ఇనొస్తలేదు. పెన్ డ్రైవ్ ఖరాబైందా?"

"లేదు మామా. అది మౌనం. మ్యూజికే అది. ఆర్ట్."

మామ నన్ను చూసిండు. చేనును చూసిండు. నాకిచ్చిన బిడ్డను చూసిండు. పిల్లనిచ్చిన మామ లెక్కన అల్లుడిని ఒక్క మాట అనొద్దు. మేనమామ లెక్కన వీపు పగలగొట్టొచ్చు. కాసేపు ఆయనల ఆయనే కొట్లాడుకున్నడు. మేనమామ గెలిచిండు.

"నీ ఆర్టుల మన్ను వడ! కొట్టుడు రాకపోతే రాదని చెప్పాలె, కొట్టకుండ కూసొని దానికి పేరు పెడ్తవారా? అటు సాళ్లకు సాళ్లు పోయినయి గదరా!"

ఖాళీ నూనె డబ్బా, రెండు కట్టెలు నా చేతుల పెట్టిండు. "మల్ల గా మౌనం వచ్చినప్పుడు నువ్వే కొట్టాలె."

"ఏం కొట్టాలె మామా?"

"ఏదన్న కొట్టు. కోతులు పోవాలె."

ముప్పావు గంట ఒడ్డు మీద కూసున్న, కొత్త కుర్తాల. ఈ పక్క నేను, ఆ పక్క కోతులు. అందరం ఒకటే ట్రాక్ కోసం చూస్తున్నం. నా ఆల్బమ్‌ను నేను కూడ పూర్తిగ వినుడు అదే మొదటిసారి. స్వప్నకు నిద్ర ఎందుకొచ్చిందో అప్పుడు సమజైంది.

'మౌనం' వచ్చింది. గండుకోతి లేచింది. డబ్బా మీద కట్టె పెట్టిన. జాజ్ అని మనసుల అనుకున్న గాని చెయ్యి వినలే. చెయ్యి సీదా వినాయక మండపానికే పోయింది. ధన్ ధనాధన్, ధన్ ధనాధన్! గండుకోతి నన్నొక చూపు చూసింది, అంత అసహ్యంగ నన్ను ఏ పెళ్లిల కూడ ఎవ్వరు చూడలే. తిరిగి కాల్వ దాటి పోయింది, దాని మంది మొత్తం దాని వెనుకనే. స్టూడియో ఆల్బమ్ కుదురుగ విన్నయి, లైవ్‌కు లేచి పోయినయి!

మనుషులు మాత్రం వచ్చిన్రు. పక్క చేన్ల నర్సయ్య ఒడ్డు మీద చిందేసిండు. ఇమ్రాన్ రుమాలు తిప్పుకుంట ఎగిరిండు. మామ కూడ, ఎవరూ చూస్తలేరనుకొని, కాలు ఆడిచ్చిండు. స్వప్న ఫోన్ తీసి వీడియో పట్టింది. "బావా, గిది బాగున్నది!" అన్నది. పెళ్లైనకాడి నుంచి ఆమె నోట ఆ మాట వినుడు ఇదే మొదలు.

వాపస్ వస్తుంటే కార్ల పందెం సంగతి తీసిన. అన్ని కోతులు పూర్తిగ విన్నయి కద, నేనే గెలిచిన అని వాదించిన. ఇమ్రాన్ కారు పక్కకు ఆపి స్టీరింగ్ మీద తల వాల్చి నవ్విండు. "మనిషి అన్న భాయ్, మనిషి! వినాయక చవితికి డబ్బా గుడ తెచ్చుకో."

మామ మైకు డబ్బాల మళ్లా కుక్కల మొరుగుడే పెట్టిండట. నా పెన్ డ్రైవ్ జాగ్రత్తగ కడిగి మరీ పంపిండు.

ఇంటికొచ్చేసరికి మా అవ్వ తలుపు కాడనే నిలబడ్డది. చేతుల ఫోన్, ముఖంల వెలుగు. స్వప్న పంపిన వీడియో చూసిందట. "గిదేనారా నీ ఆల్బం? మస్తున్నది బిడ్డా! నేను మొత్తం ఇన్న!"

"అవునవ్వా, గిదే," అన్న.

ఇప్పుడు చెప్పుండ్రి, పందెం ఎవరు గెలిచినట్టు? జిల్లాల ఒక్క మనిషి నా ఆల్బమ్ మొత్తం విన్నది. వీడియో అర నిమిషమే, ఇప్పుడు ఆ చప్పుడు వస్తలేదని, మిక్సీ రిపేరు చేయించిన అనుకొని అవ్వ నన్ను మెచ్చుకున్నది కూడ, ఆ సంగతి ఇమ్రాన్‌కు చెప్పకుండ్రి.