చిలుకమ్మ పీకిన గడ్డి

ముప్పై ఐదేళ్లు వచ్చేదాకా చిలుకమ్మ ఆ గడ్డిని చూడలేదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచి కలుపు తీసిన మనిషి. గరిక అయినా తుంగ అయినా ఏ అదునులో వేరుతో వస్తుందో ఆమె చేతికే తెలుసు. భర్త వెంకట్రాజంకు వరంగల్ మార్కెట్లో హమాలీ పని దొరికాక ఇద్దరూ కాశిబుగ్గలో ఒక అర్ర కిరాయికి తీసుకున్నారు. ఆమె హన్మకొండలో ధాన్యం వ్యాపారి సాంబయ్య ఇంటి తోటలో పనికి కుదిరింది.

తోట సాంబయ్య భార్య శకుంతలది. గులాబీలు, మల్లె పొదలు, ఒక కాకర పందిరి. 1977 వానాకాలంలో వెనక గోడ వెంట చామంతి ఆకులాంటి ఆకుతో ఏదో మొలిచింది. నెల తిరిగేసరికి నడుమెత్తు పెరిగి, తెల్లగా సన్నగా పూసింది.

"ముద్దుగనే ఉన్నది, ఉండనియ్యి" అంది శకుంతల.

మరుసటి ఏడు అది తోటంతా కమ్మేసింది. గులాబీలు సగం చచ్చాయి. అప్పుడు పీకెయ్యమంది. కొడవలితో కోస్తే పక్క నుంచి నాలుగు పిలకలు వేసేది. చిలుకమ్మ కొడవలి పక్కన పడేసి వాన వెలిసిన మర్నాడు, మన్ను మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే ఒక్కో మొక్కను కుదురు పట్టి వేరుతో లాగింది. గోడ పగుళ్లలో చెయ్యి పట్టని వాటి మీద మిట్టమధ్యాహ్నం చిక్కటి ఉప్పునీళ్లు పోసింది. అయినా గోడ దగ్గర మళ్లీ మొలిచేది. సాంబయ్య దుకాణం నుంచి వచ్చిన ఖాళీ గోనె సంచులు అక్కడే దులిపేవాళ్లు.

"సంచులు ఈడ దులపొద్దని సావుకారికి జర చెప్పుండ్రి అమ్మా. ఇత్తునం అండ్లకెల్లే వస్తాంది."

"దులపకుంటే యాపారం ఎట్ల నడుస్తది? నీ పని నువ్వు చేసుకో" అంది శకుంతల.

ఊరికి పోయినప్పుడు చిలుకమ్మ ఒక సంగతి గమనించింది. అప్పటికే అక్కడికీ పాకిన ఈ గడ్డి, తంగేడు గుబురుగా ఉన్న చోట తక్కువగా ఉంది. తంగేడు కాయలు కొంగు నిండా ఏరుకొచ్చి, పీకిన జాగాలో గింజలు చల్లింది. ఇంట్లో అడవి చెట్లేమిటని శకుంతల మొదట కసురుకుంది. మూడో ఏటికి గోడ వెంట తంగేడు పచ్చగా పూసింది. గడ్డి అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి ఎట్లా పోగొట్టారని అడిగితే, "నేనే ఇత్తునం తెప్పిచ్చి చల్లిచ్చిన" అని చెప్పింది శకుంతల. చిలుకమ్మ ఆ పక్కనే పాదులు తవ్వుతోంది.

అప్పటికే ఆమె మోచేతి మడతల్లో దురద మొదలైంది. తర్వాత మెడకు, కనురెప్పలకు పాకింది. ఎండలోకి వస్తే మంట. రెండు ఎండాకాలాలు గడిచేసరికి తోలు నల్లబడి మందమైంది, వేళ్లు పగిలాయి. శకుంతల ఆమె చాయ గిలాసను మల్లె పాదు దగ్గర పెట్టించింది. కొన్నాళ్లకు "పెద్దరోగం లెక్కనే ఉన్నది, ఇగ రాకు" అంది. ఆ మాట ఆమెకన్నా ముందే కాశిబుగ్గ చేరింది. ఆ పూట వెంకట్రాజం ఆమె కంచాన్ని కాలితో గడప దగ్గరికి జరిపాడు.

దవాఖానలో డాక్టరు చేతి మీద సూదితో గుచ్చి చూశాడు. నొప్పికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తిమ్మిరి లేదు. ఇది కుష్టు కాదమ్మా. ఏం పని చేస్తవు?"

చెప్పింది. ఆ గడ్డి పడకనే వచ్చిందనీ, దాని జోలికి పోవద్దనీ చీటీ రాసిచ్చాడు.

చీటీ పట్టుకుని హన్మకొండ పోయింది. శకుంతల దాన్ని ముట్టుకోలేదు. "దవాఖానోళ్లు అట్లనే అంటరు, నిజం చెప్తే మనిషి భయపడ్తదని" అని లోపలికి పోయింది. తోటలో కట్టమ్మ అనే కొత్త మనిషి ఉత్త చేతులతో గడ్డి పీకుతోంది.

"చేతులకు బట్ట సుట్టుకో చెల్లె. నాకు గిట్లయింది ఆ గడ్డితోనే."

కట్టమ్మ తలెత్తి చూసింది. "నా పని ఊడగొట్టనీకి వచ్చినవా? దూరం ఉండు" అంది.

కాశిబుగ్గలో ఒక సాలె ఇంట్లో కండెలు చుట్టే పని అడిగింది. నూలు వేళ్ల పగుళ్లకు పట్టుకుని తెగింది. ఇంటావిడ మెల్లగా రాట్నం పక్కకు జరుపుకుంది.

ఆ సాయంత్రం చిలుకమ్మ చీటీ తీసి వెంకట్రాజం ముందు పెట్టింది. "నువ్వన్నా చదివిపిచ్చుకో."

"మొన్ననే నీ సంచిలకెల్లి తీస్కపోయి మార్కెట్ల గుమస్తాతోని చదివిపిచ్చిన" అన్నాడతను. "పెద్దరోగం కాదని నాకు తెలుసు."

"మరి నా కంచం?"

"నలుగురు నమ్ముతలేరు గదా. నీతోని తింటే రేపు నన్ను గూడ బస్తాలు ముట్టనియ్యరు."

చిలుకమ్మ మర్నాడు మూడు రాళ్లు తెచ్చి అర్ర బయట ఇంకో పొయ్యి పెట్టుకుంది. అతనికి వండటం మానేసింది. అట్లా ఒక్క గడపకు లోపలొకరు, బయటొకరు వండుకుంటూ చాలా ఏళ్లు ఉన్నారు.