పెద్దమ్మ ఇంటి వంతు

నేను భజనలో గొంతెత్తితే మా వీధి కుక్కలు పక్క వీధికి బదిలీ పెట్టుకునేవి. మరాఠీ బడిని ఏడో తరగతిలోనే వదిలేసినవాణ్ణి. తెలుగు పాటల పుస్తకం చేతికిస్తే తలకిందులుగా పట్టుకునేవాణ్ణి. అందుకని అందరూ పాడే చరణంలో ఆఖరి మాట ఎప్పుడొస్తుందా అని కాచుకుని, దాన్ని మాత్రం గట్టిగా అందుకునేవాణ్ణి. ఎవరూ పొమ్మనలేదు. మరాఠీ గడ్డ మీది దుర్గాపూర్ బొగ్గు గని క్వార్టర్లలో మా తెలుగువాళ్ల శనివారం భజనకు గొంతు అక్కర్లేదు, చాప మీద జాగా దొరికితే చాలు.

వారానికొక ఇంట్లో, వంతు ప్రకారం భజన. ఆ ఇంటివాళ్లు చాపలు పరిచి, చివర్లో ఉడికించిన శనగ గుడాలు పెట్టాలి. ఢోలక్ మాత్రం ఎవరింట్లోనైనా మా ఎదురింటి పెద్దబాపుదే. వరసకు ఏమీ కాడు, పిలుపుకు పెద్దబాపు. గనిలో రిటైరయ్యాక ఆయన చేతులకు అదే డ్యూటీ.

ఒక వానాకాలం ఆయన పోయాడు. పిల్లలు లేరు. ఆయన భార్య, మా పెద్దమ్మ, తలుపు దగ్గరికేసుకుని కూర్చుంది. ఎవరు గిన్నె తీసుకెళ్లినా "తింటలే, ఆడ పెట్టు" అనేది. మర్నాటికి గిన్నె అలాగే ఉండేది. చూస్తుండగానే మనిషి సగమైంది.

అంతలో వంతు ఆమె ఇంటికొచ్చింది.

"ఈ పారి ఆమెను ఇడిసిపెడ్దాం, దుఃఖంల ఉన్నది," అన్నాడు భజన నడిపే మామ.

"ఒక్కపారి ఇడిస్తే ఇగ ఇడిసినట్టే మామా," అన్నాను.

"అయితే నువ్వే పోయి అడుగు. తిడితే నిన్నే తిడ్తది, నీకు అలవాటేనాయె."

పోయి అడిగాను. తిట్టలేదు. శనివారం సాయంత్రం వెళ్లేసరికి చాపలు పరిచి ఉన్నాయి. ఢోలక్ గోడ మూలన ఉంది.

పాట ఎత్తుకున్నారు గానీ ఢోలక్ దగ్గరికి ఎవరూ జరగలేదు. గొంతులు ఒక్కొక్కటే సన్నబడుతున్నాయి. చూడలేక నేనే దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. పాటది ఒక దారి, నా వాయింపుది ఒక దారి. ఎవరో కిసుక్కుమన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మామ భోరుమన్నాడు, ఇక ఇల్లంతా ఏడుపే. గోడకు ఆనుకున్న పెద్దమ్మ మా మధ్యకు జరిగి, నా చేతుల మీద చెయ్యేసి ఢోలక్ ఆపింది. ఏడుస్తూనే చప్పట్లతో తాళం వేసింది. దాని మీద పాట మళ్లీ లేచింది. మాట అర్థం కాకున్నా పక్కింటి మరాఠీ ఆడవాళ్లు కూడా పాడారు, ఏడ్చారు.

ఒంటరిగా ఏడిస్తే తలనొప్పి వస్తుంది. నలుగురిలో ఏడిస్తే ఆకలేస్తుంది. ఆ రోజు పెద్దమ్మ గుడాలు రెండోసారి పెట్టించుకుని తింది.

ఇప్పుడా క్వార్టర్లు సగం ఖాళీ. ఫోన్‌లో ఎంత మంచి భజనైనా దొరుకుతుంది. ఆఖరి మాట నేనెంత గట్టిగా అందుకున్నా, తిరిగి చూసి నవ్వే పక్కవాడే దొరకడు. అలాంటప్పుడు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

ఆ రోజు చాపలు చుడుతూ నేను కాస్త గొప్పలకు పోయాను: "సూసినవా పెద్దమ్మా, నా వాయింపుకే నువ్వు లేసినవ్."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనేంది బిడ్డా, ఇంకింతసేపు కొడితే మీ పెద్దబాపే లేసొచ్చి నీ చేతులు ఇరగ్గొడ్తుండె. గందుకే ఆపిన."