గోడ చుట్టూ తిరిగిన తీగ

ఎనభైల చివర్లో నూజివీడు మొత్తం మీద ఇంట్లో కంప్యూటర్ ఉన్నది ఇద్దరికే. ఆ ఇద్దరూ మా మేనమామలే, ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకుని ఉంటున్నవాళ్లే. పెద్దమావయ్య కొన్నాడు కాబట్టి చిన్నమావయ్య కొన్నాడు. పెద్దమావయ్య ఎందుకు కొన్నాడో ఆయనకే తెలియదు. తోటలు విరగకాసిన ఏడాది మామిడికాయల షావుకారు ఏదో ఒకటి కొంటాడు, అంతే.

వంటలు విడిపోయాయి, మాటలు ఆగిపోయాయి, వ్యాపారం మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది. పెరట్లోని చిన్నరసం చెట్టు ఎవరి వాటాలోకి వస్తుందన్న దగ్గర మొదలైన తగాదా అది. చెట్టు గాలివానకి కూలిపోయాక కూడా తగాదా పచ్చగానే ఉంది. చిన్నమావయ్య వైపు సందులోకి లారీ వచ్చిందా, కాయ ఎక్కిందా అన్న కబుర్లు అటూ ఇటూ మోయడానికి ఒక గుమాస్తా ఉండేవాడు. ఆయన మోకాళ్లు అరగ్గొట్టుకుని చింతలపూడిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే నేను బెజవాడలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు మూడు నెలల్లో ముగించుకుని వచ్చాను. తెలివి ఎక్కువై కాదు, ఆ సెంటరే మూతపడింది. రెండు కంప్యూటర్లనీ ఒక తీగతో కలిపితే ఇక్కడ కొట్టిన అక్షరం అక్కడ పడుతుందనీ, మనిషి నోరు విప్పే పనే ఉండదనీ పెద్దమావయ్యకి చెప్పాను. ఆ చివరి ముక్క ఆయనకి బాగా నచ్చింది.

"లారీలు మొదలయ్యేలోగా కలుపు. కలిస్తే వీధి గది నీదే, సెంటర్ పెట్టుకో. కలవలేదా, చాట్రాయి తోటకి కాపలా పో. అక్కడ మనిషి లేడు" అన్నాడు.

గదికి ఏ రంగు వేయించాలో అన్నం తింటూనే తేల్చేసుకున్నాను.

కంప్యూటర్లు రెండూ ఒకే గోడకి చెరోవైపున, వీపులు ఆనించుకుని కూర్చున్నట్టు ఉండేవి. వేలు పట్టేంత చిల్లు పెడితే పని అయిపోతుంది. కానీ ఆ గోడని ముట్టుకోకూడదు. పంపకాలనాడు పెద్దమనుషుల ముందు ఇద్దరూ ఒప్పుకున్న మాట అది. చిల్లు సంగతి అలా ఉంచండి, క్యాలెండరుకి మేకు కొట్టుకోవడానికి కూడా వీల్లేదు. ఊళ్లో వెంకటేశ్వరస్వామి పటం లేని షావుకారు గోడ అదొక్కటే.

అందుకని తీగ పెద్దమావయ్య కిటికీలోంచి బయలుదేరి, వసారా దాటి, కాయలు మాగేసే కొట్టంలో ఎండుగడ్డి మీదుగా పోయి, పెరడంతా చుట్టింది. చిన్నత్తయ్య వాస్తు చూపించుకుని ఈశాన్యం కిటికీలోంచి అయితేనే లోపలికి రానిస్తానంది. అక్కడ ఇంకో చుట్టు. దారిలో అది బస్టాండు కూడా చూసి వచ్చిందంటే మీరు నమ్మరు, కాబట్టి చెప్పను. మొదటిరోజు ఇక్కడ A కొడితే అక్కడ A పడింది. తీగ పొడుగు చూసి, అంత దూరం నడిచొచ్చినా అక్షరం అలిసిపోలేదని ఇద్దరు మావయ్యలకీ విడివిడిగా చెప్పాను.

మర్నాడు మొదటి లారీ. పెద్దమావయ్య స్నానం చేసి, బొట్టు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. లారీ వచ్చిందా అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క వేలితో వెతికి వెతికి కొట్టాడు. జవాబు లేదు. నేను వీధి చుట్టూ పరుగెత్తి చిన్నమావయ్య దగ్గరికి వెళ్లాను. అక్కడ తెర ఖాళీ. ఇంకోసారి కొట్టించాను, ఇంకోసారి పరుగెత్తాను. గుమాస్తా మోకాళ్లు ఎందుకు అరిగాయో అప్పుడు అర్థమైంది.

కారణం వెతుక్కుంటూ పెరట్లోకి వెళితే, పెద్దత్తయ్య ఉతికిన చీరలన్నీ తీగ మీద ఆరేసి ఉన్నాయి. ఆ బరువుకి తీగ సాగి, ఈశాన్యంలో కొస ఊడి వేలాడుతోంది.

"భలే తీగ తెచ్చావురా, తుప్పు మరక అంటట్లేదు" అంది పెద్దత్తయ్య.

నేను చీరలు తీస్తుండగానే లోపల పెద్దమావయ్యకి ఓపిక అయిపోయింది. గోడకేసి గట్టిగా అరిచాడు.

"ఒరేయ్, లారీ వచ్చిందా లేదా?"

అవతల్నించి చిన్నమావయ్య గొంతు వచ్చింది.

"వచ్చి గంటయింది అన్నయ్యా. నువ్వేదో పంపుతావంటేనూ, కూర్చున్నా."

"కాయ ఎలా ఉంది?"

"ముసునూరు తోట కాయ బాగుంది. మిగతాది నువ్వే వచ్చి చూడు."

నేను తీగ బిగించి పరుగున లోపలికి వచ్చేసరికి పెద్దమావయ్య కుర్చీలో లేడు. నేనే ఒక A కొట్టి అటు పరుగెత్తి చూస్తే, చిన్నమావయ్య తెర మీద అది మెరుస్తోంది. చూసేవాళ్లు లేరు.

వారం తిరక్కుండా ఆ పెద్దమనుషులనే పిలిచి, గోడలో గుమ్మం పెట్టించారు. కంప్యూటర్లు రెండూ ఒకే బల్ల మీదకి చేరాయి. రెండూ కలిశాయి కదా, వీధి గది మాటేమిటని అడిగాను. పెద్దమావయ్య నా వైపు జాలిగా చూశాడు.

"పక్కపక్కనే ఉన్నవాటికి తీగెందుకు అల్లుడూ?"

వీధి గదిలో ఎండుగడ్డి పరిచి బంగినపల్లి మాగేశారు. పెద్దత్తయ్య బట్టలకి కావలసినంత కోసుకుని, మిగిలిన తీగ చుట్టి నా చేతిలో పెట్టింది.

చాట్రాయి తోటలో దాన్ని మంచె నుంచి చివరి చెట్టు దాకా లాగి, ఆ కొసన నూనె డబ్బాలు కట్టాను. ఇక్కడ లాగితే అక్కడ మోగేది, కోతులు పారిపోయేవి. ఒకరోజు మధ్యాహ్నం ఈ కొస చేతికి కట్టుకుని కునుకు తీస్తుంటే ఎవరో చెయ్యి లాగినట్టయింది. లేచి చూస్తే చివరి చెట్టు మీద ఒక ముసలి కోతి డబ్బా పక్కన కూర్చుని తీగ పట్టుకుని ఉంది. నేను ఒకసారి లాగాను. అది రెండుసార్లు లాగింది.

అటూ ఇటూ నడిచే లైను నేను చూడటం అదే మొదలు. కోర్సులో ఆ పాఠం రాకముందే సెంటర్ మూతపడింది.