డిస్కులో లేని నాలుగో చరణం

ఒట్లు పెట్టుకోవద్దని మా ఇంట్లో చిన్నప్పటి నుంచి నేర్పారు. అవునంటే అవును, కాదంటే కాదు. అందుకే ఇప్పుడు కూడా ఒట్టు వెయ్యను. జరిగింది జరిగినట్టు చెప్తాను... నమ్మితే నమ్మండి. నేను బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని. కథలు కట్టడం నాకు రాదు. పైగా ఆ రాత్రి కారులో నేనొక్కదాన్నే లేను. ముగ్గురం ఉన్నాం. ముగ్గురం విన్నాం.

ముందు మా మరిది ప్రభాకర్ సంగతి చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మొబైల్ షాపులో పనిచేస్తాడు. వైరు ఉన్న వస్తువంటే అతనికి చిన్నచూపు. వనస్థలిపురంలో ఎవరి దగ్గరో పాత కారు కొన్నాడు. దానిలో ఒక స్టీరియో ఉంది. డిస్కులు వేసుకోవచ్చు, ఫోన్‌ని బ్లూటూత్‌తో కలుపుకోవచ్చు. కారు ఇంటికి తెచ్చిన రోజే అన్నాడు.

“వదినా, గీ డబ్బా తీసేయిస్త. మంచి టచ్‌స్క్రీన్ పెట్టిస్త. ఇప్పుడు డిస్కులెవరు వింటున్నరు?”

“నేను వింటున్న,” అన్నాను.

“ఫోన్ల గదే పాట ఉంటది గదా.”

“గదే పాట. గదే సప్పుడు కాదు.”

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే నా దగ్గరున్న డిస్కు ఎవరిదో కాదు, మాది. ఎల్‌బీ నగర్‌లో మా చర్చి సంఘం క్వయర్, అంటే పాటల బృందం, పాడింది. నలుగురు ఆడవాళ్లం, ఒక హార్మోనియం, తాళాలు. చిన్న సంఘమే. కానీ మా క్వయర్ అంటే చుట్టుపక్కల పేరుంది. పండగలొస్తే వేరే సంఘాల వాళ్లు వచ్చి నిలబడి వింటారు. గొప్పలు పోతున్నానని అనుకోవద్దు... సరే, గొప్పే. ఆ పాటలు విన్నాక మీరే అంటారు.

ఆ నలుగురిలో ముందు నిలబడే గొంతు రత్నం అక్కది. కోస్తా వైపు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఇన్నేళ్లయినా మాట మాత్రం అక్కడిదే. ఆమె పాట ఎత్తుకుంటే చర్చిలో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు. డిస్కు చేయించిన కొద్ది నెలలకే ఆమె గొంతులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది. గొంతు పోయింది. మాట వస్తుంది, కానీ గాలి కలిసిన బొంగురు మాట. అప్పటి నుంచి ఆమె క్వయర్‌లో నిలబడలేదు. వెనక వరసలో కూర్చునేది. మా డిస్కు కూడా మళ్లీ వినలేదు. ఎవరైనా పెడితే లేచి బయటికి వెళ్లిపోయేది.

ఆ రోజు నాదర్‌గుల్‌లో మా సంఘం వాళ్లొకరి కొత్త ఇంటి ప్రార్థన, సాయంత్రం. ప్రార్థన అయ్యాక భోజనాలు. భోజనాలు అయ్యేసరికి వాన పట్టుకుంది. ప్రభాకర్ నన్నూ, రత్నం అక్కనూ కారులో ఎక్కించుకున్నాడు. నేను ముందు సీట్లో. ఆమె వెనక.

విమానం నడపడం నేర్పే మైదానం ఉంది కదా అక్కడ... దాని గోడ వెంబడి వస్తున్నాం. దీపాలు లేవు. వాన ఎంతలా ఉందంటే అద్దం తుడిచే పుల్లలు తుడుస్తూనే ఉన్నాయి, దారి కనపడటం లేదు. ముందు రోడ్డు మీద నీళ్లు అడ్డంగా పారుతున్నాయి. ప్రభాకర్ కారు పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు.

“జర తగ్గనియ్. నీళ్లల్ల దింపితే బండి ఆగిపోతది,” అన్నాడు.

ఊరికే కూర్చోలేక ఫోన్‌లో పాట పెట్టాడు. మా పాటే. నన్ను ఉడికించడానికి.

“చూడు వదినా, ఎంత మంచిగుందో. డిస్కు ఏడ మోస్తం?”

నా సంచిలో డిస్కు ఉంది. తీశాను. వెనక్కి తిరిగి చూశాను.

“అక్కా, పెట్టనా? నీకు కష్టమైతే వద్దు.”

ఆమె కిటికీ వైపు చూసింది. బయటికి వెళ్లిపోదామంటే వాన. “పెట్టు కరుణా. పర్లేదు,” అంది.

నేను కొంగు కళ్ల మీదికి లాక్కున్నాను. “ఇప్పుడు నువ్వు మార్చుకుంట పో. ఏది డిస్కో ఏది ఫోనో నేను చెప్తా,” అన్నాను ప్రభాకర్‌తో. అతను మారుస్తూ పోయాడు. నన్ను తికమక పెట్టాలని ఒకదాన్నే వరసగా రెండు సార్లు పెట్టాడు. నేను ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్కసారి కూడా.

“ఎట్ల చెప్తున్నవ్?”

“తాళం ఇను. ఫోన్ల పెడితే చాటల బియ్యం చెరిగినట్టుంది. డిస్కుల పెడితే మోగి, సన్నగ సాగి, ఏడ ఆగిందో తెలుస్తలేదు. హార్మోనియం తిత్తి గాలి పీల్చుకునుడు ఇను. అక్క పాట ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకునుడు ఇను. ఫోన్ల గా ఊపిరి లేదు.”

అతను చెవి స్పీకర్ దగ్గర పెట్టాడు. మళ్లీ విన్నాడు. నిజమేనన్నట్టు తలూపాడు. నాకు ఛాతీ రెండింతలైంది. వెనక నుంచి రత్నం అక్క నవ్విన చప్పుడు... చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. “ఇక ఆ డిస్కు పూర్తిగా వినిపించు బాబూ,” అంది ఆమె.

ప్రభాకర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పాట మొదటి నుంచి పెట్టాడు. చప్పుడు పెంచాడు.

పల్లవి... మొదటి చరణం... రెండోది... వాన పైకప్పు మీద దబదబ కొడుతోంది. అద్దాలకు ఆవిరి పట్టింది. బయట ఏముందో కనపడదు. మూడో చరణం అయింది.

అక్కడ పాట ఆగాలి.

నిజానికి ఆ పాటకు నాలుగు చరణాలు. రాసింది మా సంఘం పెద్దాయన ఒకరు. నాలుగోది రత్నం అక్క ఒక్కతే ఎత్తుకోవాలి, చివర మేం ముగ్గురం కలవాలి. కానీ దిల్‌సుఖ్‌నగర్ స్టూడియోలో మూడో చరణం కాగానే కరెంటు పోయింది. కంప్యూటర్ బ్యాటరీ మీద ఇంకో క్షణం నడిచి ఆగింది. అక్కకు అప్పటికే దగ్గు. బయట ఇంకో బృందం కాచుకుని ఉంది. ఇక చాలులే అని అక్కడితో వదిలేశాం. నాలుగో చరణం రికార్డు కాలేదు. అందుకే డిస్కులో మూడో చరణం తర్వాత హార్మోనియం ఠక్కున ఆగుతుంది. స్టూడియో అతని కుర్చీ ‘కిర్’మంటుంది. అంతే. ఆ ‘కిర్’ నాకు కంఠతా వచ్చు.

ఆ రాత్రి ‘కిర్’ రాలేదు.

హార్మోనియం ఆగలేదు. శ్రుతి అలా సాగుతూనే ఉంది... తిత్తి గాలి పీలుస్తోంది... వదులుతోంది... పీలుస్తోంది.

నేను ప్రభాకర్ వైపు చూశాను. అతను స్టీరియో వైపు చూస్తున్నాడు.

అప్పుడు... ఊపిరి.

ఎవరో పాట ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి. ఎవరో ఏమిటి... ఆ ఊపిరి నాకు తెలుసు. ఇంతకుముందే గదా గొప్పగా చెప్పాను, ఆ ఊపిరి ఇను అని.

“తెల్లవారని దారిలో తోడు నీవే...”

నాలుగో చరణం. రత్నం అక్క గొంతు. బొంగురు లేదు, గాలి లేదు. నిండు గొంతు. తలపైన అద్దంలో వెనక సీటు చూశాను. ఆమె నోరు మూసుకుని ఉంది. చెయ్యి గొంతు మీద, ఆపరేషన్ గీత మీద. కళ్లు రెప్ప వెయ్యడం లేదు.

రెండో పాదం దగ్గర మా బాణీ కిందికి దిగాలి. దిగలేదు. పైకి వెళ్లింది. ఎవరూ ఎప్పుడూ వెళ్లని చోటికి వెళ్లి, అక్కడ నిలబడి, నెమ్మదిగా దిగింది. అప్పుడు మిగతా గొంతులు కలిశాయి. వాటిలో ఒకటి... నాది. నేను ఎన్నడూ పాడని తీరులో నేను పాడుతుంటే విన్నాను. తప్పు లేదు. అపస్వరం లేదు. అంత బాగా నేను పాడగలనని నాకే తెలియదు.

వాన పడుతూనే ఉంది. కానీ దాని చప్పుడు నాకు వినపడలేదు. ప్రభాకర్ చెయ్యి స్టీరియో బటన్ మీద ఉంది. తిప్పలేదు. తీయలేదు.

పాట అయిపోయింది. తాళం మోగి, సన్నగా సాగి...

తర్వాతి పాట మొదలైంది. మామూలుగా.

ప్రభాకర్ వెనక్కి నొక్కాడు. అదే పాట మళ్లీ వచ్చింది. మూడో చరణం... ఠక్. ‘కిర్’. అయిపోయింది. మళ్లీ పెట్టాడు. ‘కిర్’. ఫోన్ తీసి అందులోది పెట్టాడు. అక్కడా మూడే.

“వదినా... నేను ఏం చేయలే,” అన్నాడు. “ఫోన్ జేబుల ఉండె. నువ్వు చూసినవ్ గదా.”

“చూసిన.”

“పక్క బండిల కెల్లి ఎవరి బ్లూటూత్ అన్న కలిసిందేమో...”

పక్కన బండి లేదు. ఉన్నా, ఎవరూ రికార్డు చేయని చరణం ఎవరి ఫోన్‌లో ఉంటుంది? ఆ మాట అతనికీ తట్టింది. వాన కొంచెం తగ్గగానే నీళ్లలోంచే బండి పోనిచ్చాడు. నాకు వెనక్కి తిరిగి చూడాలంటే భయం. వెనక ఉన్నది రత్నం అక్కే అని తెలుసు. అయినా భయం.

ఎల్‌బీ నగర్ చౌరస్తాకు వచ్చాం. మెట్రో దీపాలు. విజయవాడ, విజయవాడ అని బస్సుల దగ్గర పిలుపులు. మనుషుల మధ్యకు వచ్చాక గాని నాకు ఊపిరి ఆడలేదు. అప్పుడు వెనక నుంచి ఆ బొంగురు గొంతు...

“కరుణా.”

“ఆ, అక్కా.”

“నేను బాగా పాడానా?”

నాకు ఏడుపొచ్చింది. “మస్తు పాడినవ్ అక్కా. అట్ల ఎవ్వరు పాడలేరు.”

“అక్కడ పైకి తీసుకెళ్లాలని నాకు మనసులో ఉండేది. స్టూడియోలో పాడదామనుకున్నాను. ఇంట్లో కూడా ఎప్పుడూ పైకి అనలేదు. ఎవరికీ చెప్పలేదు, కరుణా. నీకూ చెప్పలేదు కదా?”

చెప్పలేదు. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

తెల్లారి ప్రభాకర్ ఆ స్టూడియోకు పోయి అడిగాడు. స్టూడియో అతను తన కంప్యూటర్ తెరిచి చూశాడు. “మూడే ఉన్నయన్నా. నాలుగోది ఏడ పాడిండ్రు?” అన్నాడు. ఇంట్లో పెట్టి చూశాను, మూడే. కారులో పగలు పెట్టి చూశాను. ప్రభాకర్ ఒక రాత్రి ఒక్కడే అదే గోడ దగ్గరికి పోయి పెట్టి చూశాడట. మూడే. స్టీరియో మాత్రం మార్పించలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఆ ఆదివారం రత్నం అక్క వెనక వరసలో కూర్చోలేదు. ప్రాక్టీసుకు వచ్చింది. “రండి, నాలుగో చరణం నేర్పుతాను,” అంది. గొంతు రాదు కదా... చేత్తో చూపించింది. ఇక్కడ ఎక్కాలి, ఇక్కడ నిలబడాలి, ఇక్కడ దిగాలి అని. నేను విన్నదాన్ని కాబట్టి నేను పాడి చూపించాను. నెలలు పట్టింది.

పండగనాడు పాడాం. ఆ ఎత్తు దగ్గర చర్చి మొత్తం తల ఎత్తింది. అయిపోయాక వేరే సంఘం క్వయర్ పెద్ద మా దగ్గరికి వచ్చాడు. పాటలు తెలిసిన మనిషి.

“గా చివరి చరణం బాణీ ఎవరు కట్టిండ్రమ్మా? నేను ఏడ ఇనలే.”

నేను రత్నం అక్క వైపు చూశాను. ఆమె మెడ చుట్టూ ఉన్న కొంగు సర్దుకుని, తల నిటారుగా పెట్టి, ఆ బొంగురు గొంతుతోనే చెప్పింది.

“మాదేనండీ. మేమే పాడాం.”

ఏ రాత్రి పాడామో, ఎక్కడ పాడామో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కారులో విన్నది ఏమిటో తెలియదు. కానీ ఆ రాత్రి విన్నంత బాగా మేం ఇంకా పాడలేదు. దగ్గరికి మాత్రం వచ్చాం.